పదార్థ శాస్త్రవేత్త మతాన్ని చదివినప్పుడు: రుస్తుం రాయ్ దారి, మరో రెండు దారులు

దసరా నవరాత్రుల్లో ఆయుధ పూజ నాడు హైదరాబాద్‌లోని బాలానగర్, మౌలాలి, చర్లపల్లి పారిశ్రామిక వాడల్లో తిరిగితే లేత్ మెషిన్లకు కుంకుమ బొట్లు, కొలుముల ముందు నిమ్మకాయలు, గేటు దగ్గర పగలగొట్టిన గుమ్మడికాయ కనిపిస్తాయి. ఆ గుమ్మడికాయ చుట్టూ ప్రతి ఏడాదీ ఒక పాత తగాదా లేస్తుంది. లోహపు బలాన్ని యంత్రంతో కొలిచే ఇంజినీరు ఆ యంత్రానికే మొక్కడం ఏమిటని ఒకరంటే, మన పూర్వులకు ఈ సైన్సంతా ముందే తెలుసు కాబట్టి మొక్కడమే సబబని ఇంకొకరంటారు. ఈ తగాదా తేలకపోవడానికి కారణం అందులో మూడు వేరువేరు విషయాలు కలగలిసిపోవడమే. శాస్త్రవేత్త తన ఇంట్లో మతాన్ని ఆచరించడం ఒకటి. మతాన్ని ఒక అధ్యయన వస్తువుగా తీసుకొని చదవడం మరొకటి. తన శాస్త్ర ప్రతిష్ఠను ఒక నమ్మకానికి పూచీకత్తుగా పెట్టడం మూడోది. మొదటిది ఎవరి సొంత విషయం వారిది. దాని గురించి వాదించవలసింది పెద్దగా లేదు. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఉన్న గీతే అసలు చిక్కు. ఆ గీతకు రెండు వైపులా నడిచిన మనిషి రుస్తుం రాయ్.

ఆయన 1924 జూలై 3న రాంచీలో పుట్టారు. పట్నా విశ్వవిద్యాలయంలో భౌతిక రసాయన శాస్త్రంలో ఎం.ఎస్‌సి. చేసి, అమెరికా వెళ్లి, పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో పింగాణీ పదార్థాల మీద 1948లో పీహెచ్.డీ. పొందారు. ఆ తర్వాత జీవితమంతా ఆ విశ్వవిద్యాలయంతోనే గడిచింది. అక్కడి మెటీరియల్స్ రీసెర్చ్ లేబొరేటరీకి 1962లో వ్యవస్థాపక డైరెక్టర్ అయ్యి 1985 వరకు నడిపారు. మెటీరియల్స్ రీసెర్చ్ సొసైటీ 1973లో ఏర్పడడానికి కృషి చేసిన వారిలో ఆయన ఒకరు. భార్య డెల్లా రాయ్ కూడా పదార్థ శాస్త్రవేత్తే. సిమెంటు రసాయనంలో ఆమెది పెద్ద పేరు. స్కాట్లాండ్‌లోని కిల్‌కోన్ దగ్గర దొరికిన రెండు కాల్షియం సిలికేట్ ఖనిజాలకు రుస్తుమైట్ అని, డెల్లాయిట్ అని ఈ దంపతుల పేర్లు పెట్టారు. ఒకే చోట దొరికిన రెండు రాళ్లకు ఆలుమగల పేర్లు పడడం కంటే ఖనిజ శాస్త్రంలో ముచ్చటైన గౌరవం నాకు తోచదు.

ఆయన శాస్త్ర కృషిలో హైదరాబాద్ పాఠకులకు దగ్గరగా ఉన్నది సాల్-జెల్ పద్ధతి. రెండు మూడు ఆక్సైడులను ఏ పాళ్లలో కలిపి ఎంత వేడి చేస్తే ఏ స్ఫటికం ఏర్పడుతుందో చూపే పటాన్ని ఫేజ్ డయాగ్రమ్ అంటారు. ఈ పటం గీయాలంటే ముందు ఆ ఆక్సైడులు పూర్తిగా కలవాలి, అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఉప్పునూ చక్కెరనూ రోట్లో ఎంత మెత్తగా నూరి కలిపినా భూతద్దం కింద పెడితే ఉప్పు ఉప్పుగానే, చక్కెర చక్కెరగానే కనిపిస్తాయి. అలాగే ఆక్సైడు పొడిని ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అంత నలగ్గొట్టినా ఆ రేణువులో ఒక అంచు నుంచి మరో అంచుకు కొన్ని వేల పరమాణువులు వరుసగా ఉంటాయి కాబట్టి, పక్క రేణువులోని పరమాణువును చేరాలంటే ఘనపదార్థం గుండా అంత దూరం పాకవలసి వస్తుంది, దానికి విపరీతమైన వేడి, కాలం కావాలి. రాయ్ చేసిన పని ఆ పదార్థాలను ముందు ద్రవంలో కరిగించి, పరమాణువుల స్థాయిలో కలిసిపోనిచ్చి, ఆ కలయిక చెదరకముందే దాన్ని జిగురులాంటి జెల్‌గా మార్చి, ఆరబెట్టి, ఆ తర్వాత కాల్చడం. ఫేజ్ డయాగ్రమ్‌లు సరిగ్గా గీయడానికి 1950ల ప్రాంతంలో తన ప్రయోగశాలలో పనిముట్టుగా వాడుకున్న ఈ పద్ధతి తర్వాత గాజు మీద గీతలు పడకుండా వేసే పూతల నుంచి తుప్పును అడ్డుకునే పొరల దాకా ఎన్నో వాటికి ఆధారమైంది. బాలాపూర్‌లో లోహపు పొడుల మీద, కొత్త పదార్థాల మీద పరిశోధన చేసే ఏఆర్‌సీఐ సంస్థలో సాల్-జెల్ పూతల కోసం ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉంది. లోహపు పొడులను మైక్రోవేవ్‌లలో ముద్దగా కాల్చవచ్చునని రాయ్ బృందం 1999లో నేచర్ పత్రికలో చూపించింది. లోహపు ముక్క మైక్రోవేవ్‌లను తిప్పికొడుతుందని అందరికీ తెలిసిన రోజుల్లో, అదే లోహాన్ని పొడి చేస్తే ఆ తరంగాలను పీల్చుకొని వేడెక్కుతుందని చూపించడం చిన్న సంగతి కాదు.

ఈ పనులన్నిటి అడుగున ఒకే సూత్రం ఉంది. ఒక పదార్థం ఏయే మూలకాలతో తయారైందన్నది దాని గుణాన్ని పూర్తిగా నిర్ణయించదు, ఆ మూలకాలు ఎలా అమరి ఉన్నాయన్నదీ నిర్ణయిస్తుంది. వజ్రమూ పెన్సిలు ముల్లులోని గ్రాఫైటూ రెండూ కార్బనే, తేడా అంతా అమరికలోదే. ఈ సూత్రాన్ని గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే రాయ్‌ని పైకి తెచ్చిందీ చివరకు తడబాటులో పడేసిందీ ఇదే.

మతం వైపు ఆయన ప్రయాణం కూడా ప్రయోగశాల మనిషి ప్రయాణంలాగే ఉంటుంది. క్రైస్తవుడిగా పుట్టి పెరిగిన రాయ్‌కి, విశ్వాస ప్రకటనను వల్లించడం కంటే దాన్ని జీవితంలో పెట్టి ఏం జరుగుతుందో చూడడం మీద ఆసక్తి ఎక్కువ. పెన్ స్టేట్ ఉన్న ఊళ్లోనే కొన్ని కుటుంబాలతో కలిసి సికమోర్ అనే చిన్న సమాజంలో పాలుపంచుకున్నారు. క్రైస్తవ శాఖల మధ్య గోడలను పక్కనపెట్టి, ఇళ్లలోనే కలుసుకొని, ఒకరి బరువులు ఒకరు పంచుకొనే సమాజం అది. లైంగిక నీతి మీద భార్యాభర్తలిద్దరూ కలిసి 1968లో రాసిన పుస్తకం చర్చిలలో దుమారం రేపింది. సూత్రం ముందు, మనిషి తర్వాత అనే వరుసను తిరగేయడమే ఆ దుమారానికి కారణం.

1979లో ఆయనకు బ్రిటన్‌లో మత విషయాల మీద జరిగే హిబ్బర్ట్ ఉపన్యాసాలిచ్చే గౌరవం దక్కింది. ఈ ఉపన్యాస పరంపర మనకు కొత్తది కాదు. 1878లో మాక్స్ ముల్లర్ దీన్ని భారతదేశపు మతాల మీద ప్రసంగాలతోనే మొదలుపెట్టారు. 1929లో సర్వేపల్లి రాధాకృష్ణన్, 1930లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇందులో మాట్లాడారు. తత్త్వవేత్తలూ కవులూ నిలబడిన ఆ వేదిక మీద పింగాణీ శాస్త్రవేత్త నిలబడి, 'సత్యంతో ప్రయోగాలు' అనే అర్థం వచ్చే శీర్షికతో మాట్లాడడంలో గాంధీ నీడ స్పష్టంగానే కనిపిస్తుంది. ఆయన వాదన సారాంశం ఇది: సైన్సుకూ మతానికీ మధ్య పోట్లాట ఉందా లేదా అని సృష్టి సిద్ధాంతం, పరిణామ సిద్ధాంతం పట్టుకొని వాదించుకోవడం దండగ, సామాన్యుడి జీవితాన్ని రోజూ తాకేది టెక్నాలజీ, అది ఎటు పోవాలో చెప్పగల విలువలు మతాల దగ్గర ఉన్నాయి, ఆ రెండూ కలవకపోతే మానవజాతి మనుగడే కష్టం. ఇందులో నాకు నచ్చేది, మతం నుంచి ఆయన భౌతిక ప్రపంచం గురించిన సమాచారం కోరలేదు, 'ఏం చేయాలి' అనే ప్రశ్నకు జవాబు మాత్రమే కోరారు.

ఆ ప్రశ్న ఆయన ప్రయోగశాల పనినీ మార్చింది. అణు విద్యుత్ వ్యర్థాలను వేల ఏళ్లు కదలకుండా పట్టి ఉంచగల పింగాణీ రూపాల మీద పెన్ స్టేట్‌లో 1970లలో జరిగిన పనిలో ఆయన పాత్ర ఉంది. మనం పుట్టించిన విషాన్ని ఇంకా పుట్టని తరాలకు అప్పగించేటప్పుడు ఏ పెట్టెలో పెట్టి ఇవ్వాలన్నది రసాయన ప్రశ్నే అయినా, ఆ పెట్టె గురించి పట్టించుకోవాలని అనిపించడం రసాయనంలోంచి రాదు. సైన్సు, టెక్నాలజీ, సమాజం కలిపి చదివే కార్యక్రమానికి ఆ విశ్వవిద్యాలయంలో మొదట పునాది వేసిన వారిలోనూ ఆయన ఉన్నారు. ఇక్కడి దాకా మతం ప్రశ్న వేస్తోంది, ప్రయోగశాల తన పద్ధతిలో తాను జవాబు వెతుకుతోంది. ఎవరి కొలత వారిదే.

మన తర్కశాస్త్రం ఈ కొలతల గురించి చాలా పూర్వమే ఆలోచించింది. జ్ఞానానికి సాధనాలుగా నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వారు, ప్రత్యక్షం (ఇంద్రియాలతో తెలుసుకోవడం), అనుమానం (ఆధారాన్ని బట్టి తేల్చడం), ఉపమానం (పోలిక), శబ్దం అనే నాలుగు ప్రమాణాలు చెప్పారు. శబ్దమంటే ఆప్తుడి వాక్యం. ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. మత జీవితంలో శబ్ద ప్రమాణానికి పెద్ద పీట ఉంటుంది, ఉండడం సహజం కూడా. గురువు మాటను శిష్యుడు నమ్మేది గురువు నడవడిని చూసి. ప్రయోగశాలలో మాత్రం ఎంతటి ఆప్తుడి మాటైనా మరో చోట మరో మనిషి చేసిన ప్రయోగంలో నిలబడాలి. రాయ్ జీవితంలో ఈ రెండు ప్రమాణాలూ చివరి దశలో ఒకదాని స్థానంలోకి ఒకటి జరిగాయని నా అభిప్రాయం. అది హఠాత్తుగా జరగలేదు.

శాస్త్ర పరిశోధనలకు నిధులిచ్చే ముందు ప్రతిపాదనలను తోటి శాస్త్రవేత్తల చేత పరీక్ష చేయించే పద్ధతిని ఆయన చాలా కాలం గట్టిగా విమర్శించారు. ఆ పద్ధతి కొత్త ఆలోచనను చంపుతుందని, చేయబోయే పని గురించి అందంగా రాసిన కాగితం కంటే ఆ మనిషి ఇంతకు ముందు చేసిన పనిని చూసి డబ్బివ్వడం మేలని 1980లలో వాదించారు. నిధుల విషయంలో ఇది ఆలోచించదగిన మాటే. తర్వాత తానే సంపాదకుడిగా ఉన్న మెటీరియల్స్ రీసెర్చ్ ఇన్నోవేషన్స్ పత్రికలో ఇదే సూత్రాన్ని వ్యాసాల ప్రచురణకు కూడా వర్తింపజేశారు. అక్కడ వ్యాసం కంటే రచయిత పూర్వ చరిత్రకే ఎక్కువ విలువ. నిధి ఇవ్వడం మనిషి మీద పెట్టే పందెం; వ్యాసం అచ్చు వేయడం ఒక వాక్యం నిజమో కాదో చూసే పని. మొదటి దానికి ఆప్తుడు చాలు, రెండో దానికి చాలడు. ఈ తేడాను ఆయన చూడలేదు, లేదా చూసీ పట్టించుకోలేదు.

2005లో అదే పత్రికలో రాయ్, మరో ముగ్గురు కలిసి ద్రవరూప నీటి నిర్మాణం మీద ఒక వ్యాసం ప్రచురించారు. హోమియోపతికి దాని సంబంధాన్ని కూడా చర్చించారు. హైదరాబాద్ వాళ్లకు హోమియోపతి గురించి పరిచయం అక్కర్లేదు. సరోజినీ నాయుడు కుమారుడు జయసూర్య ఇక్కడ పేరున్న హోమియో వైద్యుడు. రామంతపూర్‌లోని ప్రభుత్వ హోమియో కళాశాల ఆయన పేరునూ పొట్టి శ్రీరాములు పేరునూ కలిపి మోస్తోంది. ఆ తెల్లటి తియ్యటి గోళీలు వేసుకోకుండా పెరిగిన పిల్లలు ఈ నగరంలో తక్కువ. ఆ గోళీల మీద రసాయన శాస్త్రం వేసే ప్రశ్న సూటిగా ఉంటుంది. మందును నూరో వంతుకు పలుచన చేస్తూ పన్నెండు సార్లు అదే పని చేస్తే, అంటే 12సి అనే స్థాయికి వస్తే, మొదటి పదార్థం 1 తర్వాత 24 సున్నాలు పెట్టిన సంఖ్యలో ఒక వంతుకు తగ్గుతుంది. ఒక మోల్ (రసాయన శాస్త్రంలో పదార్థాన్ని లెక్కించే ప్రమాణం) పదార్థంలో ఉండే అణువుల సంఖ్య అంతకంటే తక్కువ, సుమారు 6 తర్వాత 23 సున్నాలు. కాబట్టి మోల్ అంత మందుతో మొదలుపెట్టినా 12సి దాటాక ఒక్క అణువైనా మిగిలే అవకాశం సన్నగిల్లుతుంది. అంగళ్లలో మామూలుగా దొరికే 30సి దగ్గర అసలే ఉండదు.

ఈ అభ్యంతరానికి రాయ్ ఇచ్చిన జవాబు పదార్థ శాస్త్రవేత్త మాత్రమే ఇవ్వగల జవాబు. మందు అణువు మిగిలిందా లేదా అన్నది కూర్పుకు సంబంధించిన ప్రశ్న, గుణాన్ని నిర్ణయించేది కూర్పు కాదు, నిర్మాణం. వజ్రానికీ గ్రాఫైటుకూ కూర్పు ఒకటే కదా, నీటికి కూడా అనేక నిర్మాణాలు ఉండవచ్చు, మందు తన ముద్రను ఆ నిర్మాణంలో వదిలి ఉండవచ్చు. వినడానికి పకడ్బందీగా ఉంది. కానీ వజ్రం ఘనపదార్థం. అందులో కార్బన్ పరమాణువులు తమ చోటు వదలవు, అందుకే వజ్రం తన నిర్మాణాన్ని యుగాలపాటు నిలుపుకుంటుంది. ద్రవమైన నీటిలో అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు ఎడతెగకుండా తెగుతూ, ముడిపడుతూ ఉంటాయి. రాయ్ వ్యాసం వచ్చిన 2005లోనే నేచర్‌లో వచ్చిన ఒక ప్రయోగం నీటిలోని హైడ్రోజన్ బంధాల అమరిక తన గత స్థితి జాడను 50 ఫెమ్టోసెకన్ల లోపే పోగొట్టుకుంటుందని చూపింది. ఒక ఫెమ్టోసెకను అంటే సెకనులో కోటి కోట్లకు పది రెట్లలో ఒక వంతు. సీసాలో నెలల తరబడి నిలవ ఉండే ముద్రకూ ఈ కాలానికీ మధ్య దూరాన్ని పోలిక చెప్పి ఒప్పించడం కుదరదు. పైగా గోళీల మీద చుక్కలు వేశాక ఆ ద్రవం ఆరిపోతుంది. ఆరిపోయిన నీటి నిర్మాణం చక్కెరలోకి ఎలా చేరిందో కూడా చెప్పాలి.

ఘనపదార్థాలలో రుజువైన సూత్రం ద్రవానికి వర్తిస్తుందా అన్నది కొలిచి తేల్చవలసిన ప్రశ్న. తర్వాత 2007లో ఆయన బృందం కొన్ని హోమియో ద్రావణాల మీద అవి కాంతిని ఎలా పీల్చుకుంటాయో, ఎలా చెదరగొడతాయో చూపే అతినీలలోహిత, రామన్ వర్ణపటాలు తీసి తేడాలున్నాయని ప్రకటించింది. ఆ మరుసటి ఏడాదే ద్రావణిగా వాడిన ఆల్కహాల్ శుద్ధత మీద, ప్రచురించిన గ్రాఫుల మీద ఇతర శాస్త్రజ్ఞులు బహిరంగంగా అభ్యంతరాలు లేవనెత్తారు. రాయ్ అదే విశ్వాసంతో కొనసాగి, 2010 ఆగస్టు 26న కన్నుమూశారు. ఫేజ్ డయాగ్రమ్ కోసం రేణువుల మధ్య మైక్రాన్ దూరాన్ని కూడా వదలని మనిషి, నీటి దగ్గర ఆల్కహాల్ సీసా మీద ఏ కంపెనీ చీటీ ఉందో పట్టించుకోకపోవడం నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. దీనికి ఆయన మతాసక్తే కారణమని కొందరు తేల్చేస్తారు, అది అన్యాయం. హిబ్బర్ట్ వేదిక మీది రాయ్ మతాన్ని విలువల గురించి అడిగారు. 2005 నాటి రాయ్ శాస్త్రవేత్తగా తనకున్న పరపతిని ఒక చికిత్సా విశ్వాసానికి అరువిచ్చారు. ఆ రెండు పనులూ ఒకే మనిషి చేసినంత మాత్రాన ఒకే పని కావు.

మతానికి సంబంధించిన విషయాన్ని పదార్థ శాస్త్రం నష్టం లేకుండా ఎలా తాకవచ్చో చూడాలంటే మన దేశంలోనే రెండు ఉదాహరణలున్నాయి. ఐఐటీ కాన్పూర్‌లో తుప్పు శాస్త్రం బోధించిన ఆర్. బాలసుబ్రమణియం ఢిల్లీ మెహ్రౌలిలోని ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్లుగా ఎందుకు తుప్పు పట్టి రాలిపోలేదన్న ప్రశ్నతో మొదలుపెట్టారు. పాతకాలపు కొలిమిలో సున్నపురాయి వేయకపోవడం వల్ల ఇనుములో భాస్వరం ఎక్కువగా మిగిలిందని, ఆ భాస్వరం లోహం మీద ఐరన్ హైడ్రోజన్ ఫాస్ఫేట్ పొరగా ఏర్పడి కింది ఇనుమును కాపాడుతోందని ఆయన చూపారు. అద్భుతం ఏదీ లేదు, మరచిపోయిన రహస్యమూ లేదు. ఆధునిక ఉక్కు కర్మాగారాలు పనిగట్టుకొని తొలగించే భాస్వరమే అక్కడ మేలు చేసింది. అక్కడితో ఆగకుండా, స్తంభం మీది శాసనంలో చెప్పిన విష్ణుపదగిరి ఎక్కడ, 'చంద్ర' అనే రాజు ఎవరు అన్న ప్రశ్నలు కూడా పట్టుకొని, రెండో చంద్రగుప్తుడి విలుకాడి బొమ్మ బంగారు నాణేలతో ఆ పేరును పోల్చి చూసి, విదిశ దగ్గరి ఉదయగిరి గుహల దాకా వెళ్లి, అది మొదట అక్కడ విష్ణుధ్వజంగా నిలిచిందని వాదించారు. ఈ వాదనలో లోహానికి సంబంధించిన సగం సూక్ష్మదర్శినితోనూ, ధ్వజానికి సంబంధించిన సగం శాసనంతోనూ నాణేలతోనూ పరీక్షకు నిలబడుతుంది. ఆయన 2009లో చిన్న వయసులోనే మరణించారు.

రెండో ఉదాహరణ శారదా శ్రీనివాసన్. ఐఐటీ బొంబాయిలో ఇంజినీరింగ్ ఫిజిక్స్ చదివి, లండన్‌లో పురాతత్త్వ లోహశాస్త్రంలో పరిశోధన చేసి, బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్‌లో పనిచేస్తున్న ఆమె భరతనాట్య కళాకారిణి కూడా. 2019లో పద్మశ్రీ అందుకున్నారు. దక్షిణ భారత కంచు విగ్రహాలలోని సీసం ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న సీసం పరమాణువుల) నిష్పత్తులను బట్టి వాటి కాలాన్ని అంచనా వేసి, కొన్ని నటరాజ విగ్రహాలు చోళుల కంటే ముందే పల్లవుల కాలంలో పోతపోసి ఉండవచ్చునని ఆమె ప్రతిపాదించారు. తెలంగాణలో, ముఖ్యంగా నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పరిసరాల్లో మూసల్లో కరిగించి తయారుచేసిన ఉక్కు మీదా ఆమె పనిచేశారు. 'ఊట్జ్' అని యూరప్ వాళ్లు రాసుకున్న పేరు మన భాషలోనూ కన్నడంలోనూ ఉన్న 'ఉక్కు' నుంచే వచ్చిందని పండితులు ఎక్కువమంది ఒప్పుకొనే మాట.

పంచలోహం విషయంలో ఆమె పని మతాధ్యయనానికి సూటిగా తగులుతుంది. రాగి, వెండి, బంగారం, తగరం, సీసం వంటి ఐదు లోహాలతో విగ్రహం పోస్తారని సంప్రదాయం చెబుతుంది. పరీక్షించిన విగ్రహాలు ప్రధానంగా రాగి, తగరం, సీసం కలిసిన కంచే. బంగారం, వెండి జాడ మాత్రంగానే కనిపిస్తాయి. దీన్ని పట్టుకొని 'పంచలోహం అబద్ధం' అనేవాడు సంప్రదాయాన్ని చదవలేదు. 'పరీక్ష తప్పు' అనేవాడు కొలతను చదవలేదు. పోతపోసే రోజున భక్తులు తెచ్చి మూసలో వేసే ఉంగరం ముక్క, ముక్కుపుడక లోహపు గుణాన్ని మార్చడానికి వేసినవి కావు. అవి సమర్పణ. టన్ను కంచులో గ్రాము బంగారం యంత్రానికి దాదాపు కనిపించదు, వేసిన మనిషికి మాత్రం అదే విగ్రహంలో తన భాగం.

విగ్రహాన్ని కొయ్యకుండా, గీకకుండా పరీక్షించాలంటే చేతిలో పట్టుకొనే ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ పరికరం వాడతారు, ఎక్స్‌రేలు తగిలిన లోహం తిరిగి వదిలే కిరణాలను బట్టి అందులో ఏ మూలకాలున్నాయో అది చెబుతుంది. ఆ కిరణాలు కంచులో మిల్లీమీటరులో చిన్న భాగం మందం వరకే చూడగలవు, అంటే అది చెప్పేది పైపొర గురించే. నిత్యపూజలో ఉన్న విగ్రహపు పైపొర మాత్రం పోత పోసిననాటి పైపొర కాదు. దానికి తరతరాలుగా పాలూ పెరుగూ పంచామృతంతో అభిషేకాలు జరిగి ఉంటాయి, చింతపండుతో తోమి ఉంటారు, ఆ పులుపు రాగి మీది మకిలిని కరిగించి ఉంటుంది, విభూతి రుద్ది మెరుగు పెట్టి ఉంటారు. ఏ భాగాన్ని రోజూ తోముతారో, ఏ భాగం వస్త్రం కింద ఉండి చెయ్యి తగలకుండా ఉంటుందో, ఉత్సవ మూర్తికి ఏడాదికి ఎన్ని అభిషేకాలో తెలియకుండా పరికరం ఇచ్చిన అంకెను పట్టుకొని పోత లోహపు కూర్పు ఇదీ అని చెబితే ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది. అందుకే గుడిలోకి పరికరంతో వెళ్లిన లోహశాస్త్రవేత్త మొదట కూర్చుని మాట్లాడవలసింది అర్చకుడితో. ఆయన చెప్పే పూజా విధానం నోటుపుస్తకంలో మొదటి పేజీలోనే, కొలతల కంటే ముందు, రాసుకోవాలి.